విశ్వవిద్యాలయములు - టెలివిజన్ ప్రసారము: కళింగాంధ్ర దృష్టితో ఒక పరిశీలనము

విద్యావ్యాప్తికి టెలివిజన్ ఉపకరించునని అందరును అంగీకరింతురు. కాని ప్రసారకేంద్రము ఎవరి యధీనమున నుండవలెనను ప్రశ్న మనలో తగినంత చర్చకు రాలేదు. పాఠము మంచిదైనచో కేంద్రమెవరిదైన నేమియని సామాన్యాభిప్రాయము. ఈ యభిప్రాయము సరికాదనియు, దీనివలన శ్రీకాకుళము, విజయనగరము వంటి ప్రాంతములకు కలిగిన నష్టము స్వల్పము కాదనియు మా వాదము.

ముందుగా విశ్వవిద్యాలయమునకే కేంద్రము సొంతమైన పద్ధతిని చూతము. అమెరికాలో ప్రసారములకు అనుమతులిచ్చు ప్రభుత్వసంఘము 1952లో 242 చానళ్లను వ్యాపారేతర విద్యాప్రసారమునకై ప్రత్యేకించెను. మరుసటి సంవత్సరము మే 25వ తేదీన టెక్సాసు రాష్ట్రమందలి హ్యూస్టన్ విశ్వవిద్యాలయము కె.యు.హెచ్.టి. యను కేంద్రమునుండి ప్రసారములు ప్రారంభించెను. ఆ దేశమున విద్యార్థమై వెలసిన మొదటి టెలివిజన్ కేంద్రమిదియే. తొలినాళ్లలో దాని కార్యక్రమములందు విశ్వవిద్యాలయ పాఠములకు ప్రముఖస్థానము లభించెను. పగలు ఉద్యోగములు చేసికొను విద్యార్థులకు వీలగునట్లు వానిలో ఎక్కువభాగము రాత్రివేళ ప్రసారమయ్యెడివి. తన విద్యార్థి యే వేళకు ఇల్లు చేరునో ఎరిగిన సంస్థయే అచట ప్రసారవేళను నిర్ణయించినదని గ్రహింపవలెను.

మన దేశచరిత్ర వేరు మార్గమున నడచినది. ఢిల్లీలో 1959లో ప్రయోగాత్మకముగా ప్రారంభమైన టెలివిజన్ మొదటినుండియు ప్రభుత్వాధీనమే. 1975-76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ప్రసారములు జరిగినప్పుడు తెలుగునకును చోటు దొరకెను. 1977లో హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము వెలసెను. 1984లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము దేశవ్యాప్త తరగతిగదిని ఆరంభించెను. వివిధ విశ్వవిద్యాలయములందు నెలకొల్పబడిన నిర్మాణకేంద్రములు దీనికి పాఠములు సమకూర్చినవి. ఆ ప్రసారములు పగటివేళ, అధికభాగము ఆంగ్లమున సాగినవి. విశ్వవిద్యాలయము పాఠమును తయారుచేసినది. వేళయు భాషయు వేరొకచోట నిర్ణయమైనవి.

తెలుగునాట 1982లో స్థాపితమై, 1991లో డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు వహించిన సార్వత్రిక విశ్వవిద్యాలయము చేసిన సేవ మిక్కిలి కొనియాడదగినది. దేశమున ఇట్టి విశ్వవిద్యాలయములలో ఇది మొదటిది. తెలుగు మాధ్యమమున పట్టవిద్య నందించి, కళాశాల మెట్లెక్కలేని వారికి పాఠములను ఆకాశవాణి, దూరదర్శన్‌ల ద్వారా వినిపించి చూపినది. అయినను ప్రసారకాలము పరసంస్థ యిచ్చినంతయే. పాఠము రూపొందు హైదరాబాదునకును శ్రీకాకుళమునకును రోడ్డుమార్గమున ఏడువందల కిలోమీటర్ల దూరము కలదు. ఇంత దూరమునుండి వచ్చు పాఠము అందరికిని ఉద్దేశింపబడిన ప్రామాణికభాషలోనే నడచుట సహజము. తప్పు పాఠకర్తలది కాదు, ఏర్పాటుది.

ఆ యేర్పాటువలన కళింగాంధ్ర మేమి కోల్పోయినదో ఒక్క ఉదాహరణమున చూపుదుము. కొండలనుండి దిగివచ్చు ప్రవాహమును ఇచట గెడ్డ యందురు, వరినాట్లను ఉభాలందురు, త్వరగా రమ్మనుటకు బేగి రమ్మందురు. ఇవి అపభ్రంశములు కావు. తరతరముల సేద్యమునుండియు, ఒడియా మొదలైన ఇరుగుపొరుగు భాషల సంపర్కమునుండియు నిలిచిన సంపద. ఇట్టి మాటలకు శాస్త్రగౌరవము కలదని ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము, వ్యవసాయ సంపుటము, నిరూపించియున్నది. కాని వ్యవసాయముపై టెలివిజన్ పాఠము చూచు పల్లెవిద్యార్థికి తెరమీద వాగు, నాట్లు అను మాటలే వినిపించును. తన తల్లి పలికెడి మాట తప్పేమోయని అతడు సందేహించును. కొంతకాలమునకు ఆ మాటను పలుకుటకే సిగ్గుపడును. మా తరగతులలో ఈ సిగ్గును మేము పలుమార్లు చూచితిమి. గిడుగు, గురజాడలు సంచరించిన నేలమీదనే ఇది జరుగుట విచారకరము. సవరపిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని గిడుగు రామమూర్తిగారు పాటుపడిన ప్రాంతమిది. గ్రాంథికచ్ఛాయ గల ఈ వ్యాసమునందు ఈ మాట చెప్పుట వింతయని పాఠకులు తలపవచ్చును. పరిశోధనపత్రికా సంప్రదాయము వేరు, పల్లెకు చేరవలసిన పాఠము వేరు.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. 2017లో స్వయంప్రభ పేరిట 32 విద్యాచానళ్లు వచ్చినవి గదా, కొరత యేమి యని మొదటిది. సంఖ్య పెరిగినంత మాత్రమున నిర్ణయాధికారము చేరువకాదు. ఎచ్చెర్లలోని విశ్వవిద్యాలయము ఏమి చెప్పదలచినను, ఎప్పుడు చెప్పదలచినను ఇతరుల యనుమతి కోరవలసినదే. సొంత కేంద్రమును పోషించుట భారమను రెండవ ఆక్షేపణలో సత్యమున్నది. అమెరికాలో ప్రజాప్రసారములకు కేటాయించిన కేంద్రనిధులను 2025లో అచటి చట్టసభ రద్దుచేయగా, విశ్వవిద్యాలయ కేంద్రములకును ఆ దెబ్బ తగిలినది. ప్రేక్షకుల విరాళములు కేంద్రమును కొంత నిలుపగలవు గాని, అట్టి అలవాటు మనలో లేదు. కావున సంపూర్ణమైన టెలివిజన్ కేంద్రము రేపే కావలెనని మేము కోరుట లేదు.

చేయదగినది వేరొకటి కలదు. వాయుతరంగములు ప్రజల యాస్తియని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయము సొంత సామాజిక రేడియోను ప్రారంభించి దారి చూపినది. మన ప్రాంత విశ్వవిద్యాలయములు ముందుగా ఆ దారి పట్టవచ్చును. తప్పెటగుళ్లు, జముకులకథ మొదలగు కళలను, సేద్యపు మాటలను, సవరభాషను దృశ్యరూపమున భద్రపరచి, పాఠములుగా మలచవచ్చును. ఇందులకు కావలసిన యంత్రములు నేడు దుర్లభములు కావు. పలుకుబడి నెరిగిన పరిశోధకులు కావలెను. వారిని తయారుచేయు బాధ్యత తెలుగుశాఖలది. విశ్వవిద్యాలయమునకు కేంద్రము లభించిననాడు దానినుండి వినిపింపదగిన గొంతులు మిగిలియుండవలెను గదా! ఆ గొంతులు గల వృద్ధులు ఏటేట తరిగిపోవుచున్నారు.