ఒక్క కాగితం మీద ఆరు మెట్లు

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిన పిల్లలందరినీ ఆసుపత్రిలో చేర్చరు. చాలామందికి చికిత్స ఓపీలోనే సాగుతుంది. వారంలో ఓ గంట థెరపిస్టు దగ్గర, మిగతాదంతా ఇంట్లో, బడిలో. ఆ మిగతా సమయం కోసమే కొలంబియా యూనివర్సిటీకి చెందిన బార్బరా స్టాన్లీ, పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన గ్రెగరీ బ్రౌన్ కలిసి ఓ కాగితం తయారుచేశారు. పేరు సేఫ్టీ ప్లాన్. 2012లో దాన్ని వివరంగా ప్రచురించారు.

అంతకుముందు "నాకు నేను హాని చేసుకోను" అని సంతకం పెట్టించుకునేవారు. ఆ ఘడియ వచ్చినప్పుడు ఏం చేయాలో అందులో ఉండేది కాదు. చనిపోవాలన్న ఆలోచన ఉధృతి ఎగసి, మళ్లీ తగ్గుతుంది. ఎగసినప్పుడు బుర్ర పనిచేయదు కాబట్టి మనసు కుదురుగా ఉన్నప్పుడే అంతా రాసి పెట్టుకోవాలి.

మొదటి మెట్టు, ముందస్తు గుర్తులు. "బాధేసినప్పుడు" అంటే థెరపిస్టు అక్కడితో వదలరు. అప్పుడేం చేస్తావు, ఎక్కడుంటావు అని నెమ్మదిగా అడిగితే "అన్నం మానేసి గది తలుపేసుకుంటా, ఫ్రెండ్స్ మెసేజ్ పెట్టినా చూడను" అని తేలుతుంది. ఆ మాటలే, పిల్ల అన్నది అన్నట్టే, కాగితం మీదికి ఎక్కుతాయి.

రెండోది, ఒంటరిగా చేయగలిగిన పనులు. ప్రతిదానికీ ఓ ప్రశ్న ఉంటుంది: "ఆ టైములో ఇది నిజంగా చేయగలవా? అడ్డేమొస్తుంది?" రాత్రిపూట సైకిల్ తొక్కడానికి పంపరంటే దాన్ని కొట్టేసి, ఇంట్లో అయ్యే పని రాస్తారు.

మూడు, నాలుగు మెట్లను విడదీయడంలోని నేర్పు నన్ను కట్టిపడేస్తుంది. మూడోదానిలో మనుషులుంటారు గానీ వాళ్లకేమీ చెప్పక్కర్లేదు. పిన్ని కూతురితో క్యారమ్స్ ఆడితే చాలు, మనసు మళ్లుతుంది. "నాకిలా ఉంది" అని నోరు విప్పి చెప్పాల్సింది నాలుగోదానిలో, నమ్మిన పెద్దవాళ్లకు. చెప్పుకోలేక నలిగిపోయే పిల్లకు ఆ మూడో మెట్టు ఎంత ఊరటో! ఐదోది థెరపిస్టు, ఆసుపత్రి, హెల్ప్‌లైన్. మన దేశంలోనైతే టెలి మానస్, 14416, తెలుగులోనూ మాట్లాడతారు. ప్రమాదం ముంచుకొస్తే మిగతావి వదిలేసి నేరుగా ఇక్కడికే రావాలి.

ఆరోది పెద్దల పని. హాని చేయగల వస్తువులు ఇంట్లో ఎక్కడున్నాయో థెరపిస్టు మొహమాటం లేకుండా అడుగుతారు. ఏది ఎవరు తీసేస్తారు, ఎప్పుడు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్నంత వరకూ తేల్చుకుంటారు. "జాగ్రత్తగా చూసుకోండి" అనే ఒక్క మాటతో సరిపెట్టరు.

తర్వాతి వారం ఆ కాగితాన్ని మళ్లీ ముందు పెట్టుకుంటారు. ఏ మెట్టు పనిచేసింది, ఎవరు ఫోన్ ఎత్తలేదు అని చూసి, పనికిరానిది కొట్టేసి కొత్తది రాస్తారు.