పసుపు బోర్డు మీద లావత్తు

కోనసీమవాళ్లకి రైలెక్కాలంటే ముందు గోదారి దాటాలి. ముక్తేశ్వరం దగ్గర గౌతమి దాటితే కోటిపల్లి, సఖినేటిపల్లి దగ్గర వశిష్ఠ దాటితే నరసాపురం. అవతలి ఒడ్డున కనిపించేది పసుపు బోర్డు: పైన తెలుగు, కింద హిందీ, దాని కింద ఇంగ్లీషు, అడుగున సముద్రమట్టానికి ఎత్తు.

చేత్తో రాసిన బోర్డయితే పెయింటరు పనితనం తెలుగు వరుసలోనే బయటపడుతుంది. హిందీకి తలగీత ఉంది, అక్షరాలు దాన్ని పట్టుకుని వేలాడతాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలు రెండు గీతల మధ్య బుద్ధిగా నిలబడతాయి. మనవి అలా కాదు. ‘కోటిపల్లి’లో గుడులు పైకి లేస్తాయి, లావత్తు కిందికి జారుతుంది. సుద్దదారంతో కొట్టిన గీత సగం సాయమే, మిగతాది మణికట్టు చూసుకోవాలి. ఒత్తుకి ముందే చోటు ఉంచకపోతే అది వెళ్లి హిందీ తలగీత మీద కూర్చుంటుంది! అచ్చు స్టిక్కర్లు నున్నగా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ వాటిలో ఆ చెయ్యి కనపడదు.

కాకినాడ-కోటిపల్లి పట్టాలు 1928లో వచ్చాయి, యుద్ధకాలంలో 1940లో పీకేశారు, 2004లో మళ్లీ రైలు నడిచింది. అక్కణ్ణుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి లైను 2000-01లో మంజూరైంది. అన్నట్టు, ‘అమలాపురం’లో ఒక్క ఒత్తూ లేదు. అక్కడ బోర్డు రాసే పెయింటరుకి సుఖం.