మధ్యస్థ జీతంలో మా పిల్లలెక్కడ?

గుమ్మఘట్ట చుట్టూ వేరుశనగ విత్తేముందు గుప్పెడు గింజలు తడిపి, మొలకెత్తుతాయో లేదో చూసుకుంటాం. పిల్లను కాలేజీలో చేర్చేముందు అట్లా చూసుకునే దారేది?

2015లో మొదలైన ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు లెక్కలు చెబుతాయి: గడువులోపల ఎందరు పాసయ్యారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతమెంత. మంచిదే. కానీ ఆ పట్టికలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలను ఒకే గడిలో కుప్పపోశారు. సుగాలి, ఎరుకల పిల్లలు ఎందరు చేరారో అందులో తేలదు. ఉద్యోగాల లెక్కలోనైతే ఆ గడి కూడా లేదు. మధ్యస్థ జీతం ఉద్యోగం వచ్చినవాళ్లది మాత్రమే. రానివాళ్లు సున్నాగానైనా అందులో లేరు.

ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది కదా, మీకెందుకీ లెక్కలు అంటారు. ప్రభుత్వం ఫీజు కడుతుంది; మూడు నాలుగేళ్ల వయసు కట్టేది మా పిల్లలే. ప్రజల సొమ్ము తీసుకునే కాలేజీకి ఫలితం చెప్పే బాధ్యత ఇంకా ఎక్కువ.

చేరినవాళ్లు, మధ్యలో మానినవాళ్లు, పాసైనవాళ్లు, పని దొరికినవాళ్లు ఎందరో ఎస్టీలకు విడిగా చెప్పాలి. హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజులు కలిపి మొత్తం ఖర్చు చెప్పాలి. అదీ తెలుగులో, గేటు దగ్గర బోర్డు మీద. తండా నుంచి వచ్చిన తల్లి అక్కడే కదా ముందు నిలబడేది.