లోపంలేని నాయకుడి లోపం

గత ఏడాది మా బడిలో పిల్లల చేత ఒక నాటిక వేయించాను. దొర, పట్వారీ, జీతగాడు, ఊళ్ళో సంఘం పెట్టే యువకుడు - ఇవీ పాత్రలు. వేషాలు పంచేటప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు దొర వేషానికి ఎగబడ్డారు. పట్వారీకీ పోటీయే. సంఘం యువకుడికి మాత్రం ఒక్క చెయ్యీ లేవలేదు. ఒకణ్ణి బతిమాలి ఒప్పిస్తే రెండోరోజే వచ్చి, "సార్, గీయిన ఏం జేస్తడు సార్? నిలబడి మంచి మాటలు చెప్తడు, గంతే గద. దొరకైతే కోపమొస్తది, భయమైతది, రాత్రి నిద్రపట్టది" అన్నాడు.

నాటిక రాసింది నేనే.

దొరతనం మీద మోజుతో పిల్లలు ఆ వేషం కోరారని సరిపెట్టుకోవచ్చు. నేనూ రెండు రోజులు అలాగే సరిపెట్టుకున్నాను. కానీ ఆ కుర్రవాడు చేసింది విమర్శ. శత్రువును మనిషిగా రాశాననీ, మనవాణ్ణి బొమ్మగా రాశాననీ వాడు నాకు చెప్పాడు. వాళ్ళు సెల్‌ఫోన్‌లో ఆడుకునే ఆటల్లో కూడా ఎన్ని దెబ్బలు తిన్నా ప్రాణం తరగని వేషం దొరికితే రెండు రోజుల్లో విసుగొచ్చి వదిలేస్తారట. ఓడిపోయే వీలు లేనిచోట ఆట లేదు. కథా లేదు.

సకల సద్గుణ సంపన్నుడైన నాయకుడు మనకు సినిమాల నుంచి వచ్చాడనుకోవడం పొరపాటు. వాడి పుట్టుక మన ఓరుగల్లులోనే కొంత జరిగింది. ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు 'ప్రతాపరుద్రయశోభూషణం' అనే అలంకారశాస్త్రం సంస్కృతంలో రాశాడు. అందులో మొదటిది నాయక ప్రకరణం. మహాకులీనత, ఔజ్జ్వల్యం, ధార్మికత్వం వగైరా గుణాలు వరసగా చెప్పడం, ప్రతిదానికీ ఉదాహరణగా తన ప్రభువునే నిలబెట్టడం ఆయన పద్ధతి. నాటక లక్షణాలకు ఉదాహరణ కావలసివస్తే ఆ రాజు మీదనే నాటకం రాసి అందులో చేర్చాడు. అంటే నాయకుడి గుణాలు శాస్త్రం నుంచి రాలేదు, జీతమిచ్చే చేతి నుంచి వచ్చాయి. ఆ ప్రతాపరుద్రుడే 1323లో ఉలుగ్ ఖాన్ సేనలకు లొంగిపోయి, ఢిల్లీకి బందీగా పోతూ నర్మదా తీరాన ప్రాణం విడిచాడు. కోటలో ఆ మనిషి పడిన బాధకు విద్యానాథుడి పట్టికలో గడి లేదు. అదే ఓరుగల్లు వీధులను 'క్రీడాభిరామం' చూపిస్తుంది. టిట్టిభసెట్టి, మంచనశర్మ అనే ఇద్దరు తిరుగుబోతులు మాటలాడుకుంటూ ఊరంతా తిరుగుతారు. ఇద్దరిలో ఒక్కడూ ధీరోదాత్తుడు కాడు. కాకతీయుల నాటి నగరాన్ని చూడాలంటే మాత్రం మనం ఆ ఇద్దరి వెంటే నడుస్తున్నాం.

నవల వచ్చాక రాజు పోయాడు, పట్టిక పోలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో బహుమతిని పంచుకున్న రెండు నవలలు 'వేయిపడగలు', 'నారాయణరావు'. బాపిరాజు నారాయణరావు అందగాడు, బలశాలి, చదువరి, సంగీతజ్ఞుడు, దేశభక్తుడు. భార్య శారద నిరాదరణ ఒక్కటే అతని కష్టం, అదీ అతని తప్పు కాదు. విశ్వనాథ ధర్మారావుకు పేదరికం ఉంది, అభిమానం ఉంది. కానీ వాదంలో ఓటమి లేదు. ఎదుటివాడు నోరు విప్పేదే ధర్మారావు జవాబు చెప్పడానికి. భూస్వామ్య సమాజం తన చివరి దశలో తనను తాను అద్దంలో ఎలా చూసుకోదలచిందో ఈ ఇద్దరిలో కనబడుతుంది. దీనిమీద మన విమర్శకులు రాసింది చాలు. మన ఇంటి సంగతికి వస్తాను.

ఉన్నవ 'మాలపల్లి'లో సంగదాసు కూడా మచ్చలేనివాడే. అయితే 1920లలో ఒక మాల యువకుణ్ణి మచ్చలేనివాడిగా చిత్రించడమూ, జమీందారు అల్లుణ్ణి అలా చిత్రించడమూ ఒకటి కాదు. ఆ మనుషులకు గుణమే ఉండదని ఊరూ, ధర్మశాస్త్రాలూ అంటున్న కాలంలో ఉన్నవ చేసింది తిరుగుబాటు. పద్ధతి ఒకటే, పక్షం వేరు. ఈ తేడా చూడకుండా అందరినీ ఒకే గాటకట్టే విమర్శ నాకు సమ్మతం కాదు. అయినా ఆ పద్ధతికి చెల్లించిన మూల్యం నవలలోనే ఉంది. చౌదరయ్య దెబ్బకు సంగదాసు పోతాడు. పాఠకుడి మనసులో ఎక్కువగా మిగిలేది వెంకటదాసు. తక్కెళ్ళ జగ్గడిగా మారి దోపిడీలకు దిగిన ఆ కోపిష్టి. తండ్రి రామదాసు శాంతికీ ఈ కొడుకు కోపానికీ మధ్య నవల ఊపిరి తీసుకుంటుంది.

1885లో ఏంగెల్స్ నవలా రచయిత్రి మిన్నా కాట్స్కీకి రాసిన ఉత్తరంలో ఆర్నాల్డ్ అనే పాత్రను గురించి ఇలాంటి ఆక్షేపణే చేశాడు. ఆ పాత్ర మీద రచయిత్రికి మమకారం ఎక్కువైందనీ, మనిషి కాస్తా సిద్ధాంతంలో కరిగిపోయాడనీ ఆయన అభిప్రాయం. చివర కొండచరియ విరిగిపడి అతను చనిపోతే, ఈ లోకానికి తగనంత మంచివాడు కనుక పోయాడని సరిపుచ్చుకోవాలట. సంగదాసు చావు చదివినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తొస్తుంది. రాజకీయ ప్రయోజనం ఉండకూడదని ఏంగెల్స్ అనలేదు. అది సన్నివేశం లోంచి రావాలన్నాడు.

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' నాకు ప్రాణప్రదమైన పుస్తకం. తెలంగాణ పల్లెను, దొర రామభూపాలరావు గడీని, సామాన్యుల భయాన్ని నవలలోకి తెచ్చిన తొలి తరం రచన అది. కానీ కంఠీరవం? ఆయన ధైర్యం చూశాను, త్యాగం చూశాను, తడబడిన చోటు నాకు కనిపించలేదు. ఇదే ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథల్లో దొంగలనూ హంతకులనూ ఎంత దగ్గరగా కూర్చుని చూశాడు! వాళ్ళ తప్పులు దాచలేదు, వాళ్ళను తక్కువా చేయలేదు. వంటమనిషిగా, హోటల్లో సర్వరుగా బతికి, జైలు చూసి వచ్చిన మనిషికి ఆ చూపు ఉంది. ఉద్యమ నాయకుడి దగ్గరికి వచ్చేసరికే ఆ చూపు వినయంతో వంగింది. మనలో చాలామంది ఆ వినయాన్ని నేర్చుకున్నాం, జైలు కథల చూపును నేర్చుకోలేదు.

గురజాడకు ఈ చిక్కు తెలుసు. సౌజన్యారావు పంతులు పేరులోనే గుణం పెట్టుకుని వచ్చాడు. అంతవరకే అయితే ఆయన్ని ఎవరూ తలచుకోరు. గురజాడ ఆయన్ను మధురవాణి ఎదుట కూర్చోబెట్టాడు. లుబ్ధావధాన్లును కాపాడాలంటే ఒక ముద్దు ఖరీదు. నియమం ఒకవైపు, మనిషి ప్రాణం ఒకవైపు. అక్కడ పంతులుగారు ఊగిసలాడాడు. వదిలిపెట్టింది మధురవాణే. ఆ నాలుగు క్షణాల ఊగిసలాట వల్లనే ఆ పెద్దమనిషి మనిషయ్యాడు.

దీనికి విరుగుడుగా నాయకుడికి కాస్త తాగుడో, ముక్కుమీద కోపమో ఉప్పు చల్లినట్లు చల్లమని కొందరు సలహా ఇస్తారు. అది అలంకారమే, విద్యానాథుడి పట్టికకు మరో వరస. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య పిరికితనం అతని కులాసా కోసం తగిలించింది కాదు, గుమాస్తా బతుకు లోంచి వచ్చింది. 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య'లో రవి భయాలూ, కోరికలూ, డబ్బుకోసం పడే అవమానాలూ పల్లె నుంచి యూనివర్సిటీ హాస్టలుకు చేరిన పేద పిల్లవాడివి. మా ప్రాంతంలో అలా చదువుకున్నవాళ్ళకు అందులో తమ గది కనిపిస్తుంది. ఈ పాత్రలు పోరాడవని మనం తప్పుపట్టాం. పోరాడే మనిషికి ఈ భయాలుండవని ఎవరు చెప్పారు?

ఇక నా నేరం ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళ కింద, మూతపడుతున్న ఒక మిల్లులో కార్మిక నాయకుడైన ఒకాయన మీద కథ రాశాను. కథలో యాజమాన్యం కాగితం చాపితే ఆయన చించి పారేస్తాడు, గేటు ముందు ఆకలితో కూలిపోతాడు, జెండా మాత్రం వదలడు. మిత్రులు మెచ్చుకున్నారు. అచ్చయిన పత్రిక పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. బీడీలు చుడుతున్న భార్య పక్కన కూర్చుని మొత్తం చదివించుకున్నాడు. కాసేపు ఊరుకుని, "మీరు రాసినాయన మంచిగున్నడు సార్. నేనైతే సంతకం పెట్టిన" అన్నాడు. బిడ్డ పెండ్లి కుదిరిందట. అప్పులవాళ్ళు ఇంటిముందు కూర్చున్నారట. సంతకం పెట్టిన రాత్రి ఇంటికి రాకుండా చెరువుకట్ట మీదే తెల్లవార్లూ కూర్చున్నాడట. తెల్లారి లేచి, సంతకం పెట్టనివాళ్ళ డేరా దగ్గరికే వెళ్ళి నీళ్ళు మోశాడట. వాళ్ళు మొదటిరోజు ఆయన చేతి నీళ్ళు తాగలేదట.

నా కథలో ఆ రాత్రీ లేదు, ఆ నీళ్ళూ లేవు. ఆ తరవాత మా సభలకు ఆయన మళ్ళీ రాలేదు. పిలవడానికి వెళితే, "ఆడ మీ కథ చదివినోళ్ళుంటరు గద సార్" అన్నాడు.