చివర నమోదు, ముందు రద్దు

లినక్స్ కెర్నెల్‌లో ఒక డ్రైవర్ పనితనం తెలియాలంటే, పరికరాన్ని నడిపే కోడ్ కంటే ముందు దాన్ని నమోదు చేసే కోడ్ చూడాలి. పరికరం కనబడగానే కెర్నెల్ పిలిచే ప్రోబ్ ఫంక్షన్, పరికరాన్ని వదిలేటప్పుడు పిలిచే రిమూవ్ ఫంక్షన్: రాసినవారి బుద్ధి, ఓపిక, భయభక్తులు అన్నీ ఈ రెంటిలోనే బయటపడతాయి. హార్డ్‌వేర్‌తో మాట్లాడే భాగానికి డేటాషీట్ ఉంటుంది. ఏ రిజిస్టర్‌లో ఏ విలువ రాయాలో అది చెబుతుంది. కానీ మెమరీ ఎప్పుడు తీసుకోవాలి, క్లాక్ ఎప్పుడు ఆన్ చేయాలి, ఇంటరప్ట్ ఎప్పుడు అడగాలి, పరికరాన్ని లోకానికి ఎప్పుడు చూపాలి, మధ్యలో ఏదో ఒకటి విఫలమైతే ఎంతవరకు వెనక్కి రావాలి అనేవి ఏ డేటాషీట్‌లోనూ ఉండవు. డాసన్ ఎంగ్లర్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో చేసిన అధ్యయనం 2001లో వెలువడింది. కెర్నెల్‌లోని మిగతా భాగాలతో పోలిస్తే డ్రైవర్లలో తప్పుల రేటు మూడు నుంచి ఏడు రెట్ల దాకా ఎక్కువని అది తేల్చింది. అయినా నమోదు కోడ్‌ను శుభ్రపరచడమంటే కొత్తగా చేరినవాళ్లకు అప్పగించే చిల్లరపని అన్న చిన్నచూపు మనలో పోలేదు. నిజానికి కెర్నెల్ విద్యలో ఇంతకంటే సూక్ష్మమైన పని అరుదు.

దీనికి కారణం నమోదు అనే చర్య స్వభావంలోనే ఉంది. డివైస్ రిజిస్టర్ అనే ఫంక్షన్ పైకి ఒకటే పిలుపులా కనిపించినా లోపల రెండు పనులు చేస్తుంది. మొదట నిర్మాణాన్ని సిద్ధంచేసి దాని రిఫరెన్స్ లెక్క మొదలుపెడుతుంది, తర్వాత దాన్ని వ్యవస్థలో చేరుస్తుంది. ఈ రెండో అడుగు పడగానే సిస్‌ఎఫ్‌ఎస్‌లో డైరెక్టరీ పుడుతుంది, యూఈవెంట్ అనే కబురు బయటికి వెళుతుంది, యూజర్ వైపు పరికరాలను చూసుకునే యూడెవ్ మేల్కొని తన నియమాలు అమలుచేస్తుంది, యూజర్ ప్రోగ్రాం ఏదైనా వచ్చి ఆ పరికరాన్ని తెరవనూవచ్చు. మన ఫంక్షన్ ఇంకా వెనక్కి తిరిగి రాకముందే ఇదంతా జరిగిపోవచ్చు. కనుక నమోదు తర్వాత ఏ సన్నాహం చేసినా అది పందిరి వేయకముందే శుభలేఖలు పంచడం లాంటిదే. క్యారెక్టర్ డివైస్‌ను చేర్చిన క్షణం నుంచే అది ప్రాణంతో ఉన్నట్టు లెక్క అని కార్బెట్, రుబిని, క్రోవా-హార్ట్‌మన్ 2005 నాటి తమ డ్రైవర్ల పుస్తకంలోనే హెచ్చరించారు. ఇరవై ఏళ్లు గడిచినా ఆ హెచ్చరికను మీరే డ్రైవర్లు వస్తూనే ఉన్నాయి. సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ల సంగతే చూడండి. ముందు పరికరాన్ని నమోదుచేసి, తర్వాత ఒక్కొక్క ఫైలునూ విడిగా సృష్టించే డ్రైవర్లు ఎన్నో. యూడెవ్ నియమం ఆ ఫైలు కోసం వెతికే వేళకు అది ఇంకా పుట్టి ఉండదు. ఒక యంత్రంలో పనిచేసింది ఇంకో యంత్రంలో పనిచేయదు, తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతుబట్టదు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఏళ్ల తరబడి పోరిన దారి ఒక్కటే: ఆ ఫైళ్లన్నింటినీ అట్రిబ్యూట్ గ్రూపుగా కట్టి, నమోదుకు ముందే పరికరానికి తగిలించాలి. అప్పుడు యూఈవెంట్ వెళ్లేలోపే కెర్నెలే వాటిని సృష్టిస్తుంది, పరికరం పోయేటప్పుడు తానే తీసేస్తుంది. డ్రైవర్ నిర్మాణానికే ఇలాంటి గ్రూపులు తగిలించే వీలు 2019లో వచ్చింది. ఈ మార్పుతో సృష్టించే వరుసలు, తొలగించే వరుసలు, వాటి వైఫల్యాలను చూసుకునే వరుసలు అన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. చూసేవాళ్లు కోడ్ తగ్గిందని మెచ్చుకుంటారు. అసలు మెచ్చుకోవలసింది యూడెవ్‌తో జరిగే ఆ పరుగుపందెం తప్పిపోయినందుకు.

ఇక వైఫల్యపు దారి. ప్రోబ్‌లో అయిదో మెట్టు విఫలమైతే నాలుగు, మూడు, రెండు, ఒకటి అనే వరుసలో దిగి రావాలి, ఒక్క మెట్టు కూడా తప్పకూడదు. దీనికి కెర్నెల్ వాడే సాధనం గోటూ. డైక్‌స్ట్రా 1968లో గోటూను దుయ్యబట్టిన నాటి నుంచి కళాశాలల్లో దాని పేరెత్తితే మార్కులు పోతాయి. ఆ విమర్శ ఎటుపడితే అటు దూకే గోటూలకు చెల్లుతుంది. ఎప్పుడూ కిందికే పోతూ, ఎక్కిన క్రమానికి ఎదురు క్రమంలో విడిచిపెట్టే ఈ లేబుళ్ల వరుసకు అది చెల్లదు. కెర్నెల్ కోడింగ్ స్టైల్ పత్రమే ఈ పద్ధతిని సిఫారసు చేస్తుంది, లేబుల్‌కు అది చేసే పని పేరే పెట్టమంటుంది. అంకెలతో పేర్లు పెట్టిన డ్రైవర్‌లో మధ్యన ఒక మెట్టు చేరిస్తే కింద ఉన్నవన్నీ తారుమారవుతాయి. చేయి తిరిగినవారు రాసిన ప్రోబ్‌లో ఈ లేబుళ్ల వరుసను, దాని పక్కన రిమూవ్ ఫంక్షన్‌నూ పెట్టి చదివితే రెండూ దాదాపు ఒకే పాఠంలా సాగుతాయి. ప్రోబ్‌లో నమోదు చిట్టచివరి మెట్టు, రిమూవ్‌లో నమోదు రద్దు మొట్టమొదటిది. ఆ పొందిక కుదిరిన డ్రైవర్‌ను చూస్తే కళ్లు చల్లబడతాయి.

పొందిక ఒక్కటే చాలదు, ఇక్కడే అసలు మెలిక ఉంది. 2.5 వరుస కాలంలో పాట్రిక్ మోషెల్ మలిచిన డ్రైవర్ మోడల్‌లో ప్రతి పరికరానికీ రిఫరెన్స్ లెక్క ఉంటుంది. ఆ లెక్క మొదలయ్యాక నిర్మాణాన్ని విడిపించే హక్కు దాన్ని పుట్టించినవారికి ఉండదు, చివరి రిఫరెన్స్ ఎవరి చేతిలో ఉంటే వారిదే. అందుకే డివైస్ రిజిస్టర్ విఫలమైనా సరే, ఆ మెమరీని కె-ఫ్రీతో నేరుగా విడిపించకూడదనీ, పుట్ డివైస్ అని రిఫరెన్స్ మాత్రమే వదులుకోవాలనీ ఆ ఫంక్షన్ పైనున్న వ్యాఖ్యలోనే గట్టిగా రాసి ఉంది. విఫలమైన పని తాను చేసినదంతా తానే సర్దుకుంటుందని మామూలుగా అనుకుంటాం, ఇక్కడ ఆ అలవాటే కొంప ముంచుతుంది. కె-ఫ్రీతో విడిపిస్తే పరికరం పేరు కోసం విడిగా తీసుకున్న మెమరీ అలాగే ఉండిపోతుంది. ఇంకెవరి దగ్గరైనా రిఫరెన్స్ మిగిలి ఉంటే వాళ్లు చచ్చిన మెమరీని ముట్టుకుంటారు. విడిపించే పని రిలీజ్ ఫంక్షన్‌ది. అది లేకపోతే కెర్నెల్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక నోరు మూయించడానికి ఖాళీ రిలీజ్ ఫంక్షన్ పెట్టేవాళ్లను కెఆబ్జెక్ట్ నిర్వాహకుడు దయాదాక్షిణ్యాలు లేకుండా ఎగతాళి చేస్తాడని ఒకప్పుడు డాక్యుమెంటేషన్‌లోనే రాసిపెట్టారు. ఆ కటువుదనం నాకు నూటికి నూరుపాళ్లు సమ్మతం.

ఇన్ని మెలికలు ఉన్నాయి కనుకే 2007లో తేజున్ హో తెచ్చిన డెవ్‌రెస్ పద్ధతిని మహోపకారం అనాలి. డిస్క్ కంట్రోలర్ల డ్రైవర్లయిన లిబ్‌అటా పనిలోంచి పుట్టిన ఈ ఆలోచన ఎంత సరళమో అంత లోతైనది. తీసుకున్న ప్రతి వనరునూ పరికరం పేరిట ఒక జాబితాలో రాసుకుంటూ పోవడం, ప్రోబ్ విఫలమైనా పరికరం విడిపోయినా ఆ జాబితాను వెనక నుంచి చదువుతూ ఒక్కొక్కటే వదిలేయడం. మనిషి మరిచిపోయే మెట్లను జాబితా మరవదు. ఎన్నో డ్రైవర్లలో రిమూవ్ ఫంక్షనే అక్కర్లేకపోయింది. కానీ ఈ వరాన్ని సర్వరోగ నివారిణిగా పంచేవాళ్లతో నాకు తగువుంది. రిమూవ్ ఫంక్షన్ ముగిసిన తర్వాతే ఈ జాబితాలోని (డెవ్‌ఎం) వనరులు విడుదలవుతాయి. ఇంటరప్ట్‌ను మాత్రం డెవ్‌ఎం పద్ధతికి మార్చి, బఫర్‌ను పాత పద్ధతిలో రిమూవ్‌లోనే విడిపించే డ్రైవర్‌లో ఏమవుతుంది? బఫర్ పోయింది, ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంది. ఆ చిన్న వ్యవధిలో పరికరం ఒక్కసారి గంట కొడితే హ్యాండ్లర్ వచ్చి అప్పటికే లేని బఫర్‌లో రాస్తుంది. మార్చకముందు ఆ డ్రైవర్ సరిగ్గానే ఉంది! ఇంకో ప్రమాదాన్ని లారెంట్ పింషార్ 2022 లినక్స్ ప్లంబర్స్ సదస్సులో విప్పి చెప్పారు. యూజర్ ప్రోగ్రాం ఫైలు తెరిచి ఉండగా యూఎస్‌బీ పరికరం ఊడబెరికితే, డెవ్‌ఎం మెమరీ పరికరంతోపాటే పోతుంది, తెరిచిన ఫైలు మాత్రం మిగులుతుంది. పరికరం ఆయుష్షు వేరు, దాన్ని వాడుతున్నవారి దగ్గర మిగిలిన నిర్మాణపు ఆయుష్షు వేరు. ఆ తేడా గుర్తించి ఏది జాబితాకెక్కాలో ఏది రిఫరెన్స్ లెక్కకు వదలాలో తేల్చడమే నేర్పరితనం.

కెర్నెల్ డెవలపర్ ఉవే క్లైనె-కోనిగ్ చేసిన పని చూస్తే శుభ్రపరచడం అనే మాటకు ఎంత బరువుందో తెలుస్తుంది. ప్లాట్‌ఫాం డ్రైవర్ల రిమూవ్ ఫంక్షన్ ఒక పూర్ణాంకాన్ని తిరిగి ఇచ్చేది. అది చూసి చాలామంది, రద్దు మధ్యలో ఏదైనా తేడా వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోవచ్చని నమ్మారు. కెర్నెల్ ఆ సంఖ్యను పట్టించుకునేది కాదు, పరికరాన్ని ఎలాగూ తీసేసేది. ఆగిపోయిన చోట విడుదల కాని వనరులు శాశ్వతంగా చిక్కుకుపోయేవి. అంటే ఒక ఫంక్షన్ రూపమే మనుషులను తప్పుదారి పట్టించింది. ఆయన వందల కొద్దీ డ్రైవర్లను ఒక్కొక్కటిగా మార్చారు. మధ్యంతర ఏర్పాటు 2023లో వచ్చింది, 2024 నాటికి ప్లాట్‌ఫాం రిమూవ్ ఏమీ తిరిగి ఇవ్వని ఫంక్షన్‌గా స్థిరపడింది. ఆ తప్పు చేసే దారే మూసుకుపోయింది. ఇలాంటి పనికి బిరుదులు ఉండవు, పత్రికల్లో ఫొటోలు రావు.

ఇప్పుడు నకిలీ శుభ్రత మాట. ప్యాచ్‌ల సంఖ్యే ప్రతిభకు కొలమానమైన రోజులివి. నమోదు విఫలమైన చోట కె-ఫ్రీ కనబడితే చాలు, పుట్ డివైస్‌గా మార్చి పంపేస్తారు. రిలీజ్ ఫంక్షన్ అప్పటికే మొత్తం నిర్మాణాన్ని విడిపిస్తుందా, కింది లేబుల్ మళ్లీ అదే పని చేస్తుందా అని చూడరు. మెమరీ లీక్ పోయి, ఒకే మెమరీని రెండుసార్లు విడిపించే లోపం వచ్చి కూర్చుంటుంది. మొదటిదాంతో కొంత మెమరీ వృథా అయ్యేది, రెండోదాంతో దాడిచేసేవాడికి తలుపు తెరుచుకుంటుంది. చిన్న దిద్దుబాటు అనగానే సమీక్షకుల కళ్లు ఎంత తేలిగ్గా జారిపోతాయో చూపాలని చేసిన మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధన 2021లో పెద్ద వివాదమైంది. దిద్దుబాట్ల వేషంలో కావాలనే లోపాలు పంపిన ఆ పరిశోధన పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు, ఆ సంస్థ పాత ప్యాచ్‌లన్నీ మళ్లీ చదవవలసిన భారం మాత్రం నిర్వాహకుల నెత్తిన పడింది. కోడ్‌లో తప్పులు వెతికే సాధనాలు ఉన్నాయి కదా, అవే పట్టుకుంటాయి అనేవారున్నారు. జూలియా లావల్ కొక్సినెల్, డాన్ కార్పెంటర్ స్మాచ్ నిజంగా అద్భుతాలే. కాని స్మాచ్ చూపిన ప్రతి హెచ్చరిక వెనకా ఒక మనిషి కూర్చుని ఆ డ్రైవర్‌ను చదివితేనే అది దిద్దుబాటవుతుంది. హెచ్చరికను చదవకుండా ప్యాచ్‌గా మార్చేవాళ్లు ఆ సాధనాలకే అపకీర్తి తెస్తున్నారు.

పనిచేస్తున్న డ్రైవర్‌ను కెలకడం దేనికన్న అభ్యంతరం మాత్రం గౌరవించదగినదే. వేరే పనితో సంబంధం లేని ఉత్త శుభ్రతా ప్యాచ్‌లు వద్దని నెట్‌వర్క్ విభాగం నిర్వాహకులు రాతపూర్వకంగానే చెప్పారు, డెవ్‌ఎం మీద కూడా తమకు అనుమానం ఉందన్నారు. పరీక్షించే హార్డ్‌వేర్ దగ్గర లేనివారు పాత డ్రైవర్‌ను ముట్టుకోకపోవడమే మేలు. అయితే ‘పనిచేస్తోంది’ అంటే చాలాసార్లు ఒకసారి లోడ్ అయి, యంత్రం ఆపేదాకా అలాగే ఉందని మాత్రమే అర్థం. వైఫల్యపు దారి ఒక్కసారైనా నడిచిందా అని అడగండి. రస్ట్ వచ్చింది, ఇక ఈ విద్యతో పనేముంది అనేది ఇంకో వాదన. 2022 డిసెంబరులో 6.1తో రస్ట్ కెర్నెల్‌లో అడుగుపెట్టింది, విడుదలల క్రమాన్ని అది కంపైలర్‌కు అప్పగిస్తుంది, మంచిదే. సి భాషలోనూ పీటర్ జిజ్ల్‌స్ట్రా 2023లో అలాంటి వెసులుబాటు తెచ్చారు. కానీ పరికరం లోకానికి కనబడడానికి సిద్ధమైందా అనే ప్రశ్నకు కంపైలర్ జవాబివ్వదు. హార్డ్‌వేర్ నిజంగా మేల్కొందో లేదో దానికి తెలియదు.

మన హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ సంస్థల పెద్ద కార్యాలయాలున్నాయి, డ్రైవర్ కోడ్‌తో రోజూ కుస్తీ పట్టే తెలుగు ఇంజినీర్లకు కొదవలేదు. పరిశ్రమలో ఎక్కడ చూసినా ఉన్న రోగమేమిటంటే, బోర్డు బూట్ అయితే చాలు, డ్రైవర్ అయిపోయినట్టే. రిమూవ్ ఫంక్షన్‌ను ఎవరూ నడపరు, ప్రధాన కెర్నెల్‌లోకి పంపి నిపుణుల కంట పడనివ్వరు. యువ ఇంజినీర్లకు, వారి మేనేజర్లకు కూడా నా విన్నపం ఒకటే. తర్వాతి డ్రైవర్‌ను విడుదల చేసేముందు కెర్నెల్ కాన్ఫిగ్‌లో రెండు మీటలు వేయండి: ప్రోబ్ అయిన ప్రతి డ్రైవర్‌ను ఒకసారి విడదీసి మళ్లీ ప్రోబ్ చేసే డీబగ్ టెస్ట్ డ్రైవర్ రిమూవ్, రిలీజ్‌ను కావాలనే ఆలస్యంచేసి తొందరపాటు విడుదలలను పట్టించే డీబగ్ కెఆబ్జెక్ట్ రిలీజ్. వాటికి తోడు మెమరీ తప్పులను పట్టే కసాన్‌ను, మెమరీ కేటాయింపులు విఫలమయ్యేలా చేసే ఫాల్ట్ ఇంజెక్షన్‌నూ ఆన్ చేసి ఒక రాత్రంతా నడపండి. పొద్దున లాగ్‌లో కనబడిన ప్రతి స్టాక్ ట్రేస్‌నూ పైనుంచి కిందిదాకా చదివి, ఆ తర్వాతే ప్యాచ్ రాయండి.