లేత, ముదురు, పాత

ఈ వారం మళ్లీ కంటబడింది: 'అయిదు సంవత్సరాల పాత బాలుడు'. యంత్రం చేసిన అనువాదాన్ని ఎవరూ చదవకుండా అచ్చుకు వదిలేస్తే వచ్చే మాట ఇది. నిన్న పుట్టిన బిడ్డకైనా తొంభై ఏళ్ల తాతకైనా ఇంగ్లిషువాళ్లు 'ఓల్డ్' అనే చెబుతారు. అక్కడ అది ముసలితనం కాదు, కొలత. తెలుగులో ఆ కొలతకు వేరే మాటే అక్కర్లేదు, 'అయిదేళ్ల పిల్లాడు' అంటే చాలు. ఇక మనకు మనిషి ముసలి, చొక్కా పాత, బెండకాయ ముదురు, రాత్రి మిగిలిన అన్నం చద్ది. ఆలమూరు నుంచి అంబాజీపేట దాకా కొబ్బరితోటల్లో వాడే మాటలు చూడండి. ఏడో నెలలో కోస్తే బొండం. పన్నెండో నెలకు ముదురు కాయ. దాన్ని దింపి నెలల తరబడి నిలవుంచితే నీరు ఇంకి, లోపల గుండు విడివడి కురిడీ అవుతుంది. వయసు మీరిందని కురిడీకి ధర తగ్గదు, పచ్చికాయ కంటే ఎక్కువే పలుకుతుంది.

ఇంత సంపద ఉన్న తెలుగు ముందు ఇంగ్లిషు పేదదనిపిస్తుంది. కానీ ఆ తీర్పు నిలవదు. మన 'పాత' సంగతేమిటి? పాత బియ్యం అంటే మెచ్చుకోలు: ఏడాది మాగిన బియ్యం పొడిపొడిగా ఉడుకుతాయి, ఒదుగు ఎక్కువ. పాత చింతకాయ పచ్చడి అని ఎవరి మాటనైనా తీసిపారేస్తాం, జ్వరం తగ్గినవాడికి పథ్యంగా మాత్రం అదే పెడతాం. పాత ఆలమూరు నియోజకవర్గం అంటే పునర్విభజనతో 2009 ఎన్నికల నుంచి లేకుండా పోయినది. పాత స్నేహితుడు ఇప్పటికీ స్నేహితుడేనా, కాడా? ఆ మాటొక్కటే వింటే చెప్పలేం. అటు ఇంగ్లిషులోనూ పండినదానికి, పాచిపోయినదానికి, ప్రాచీనమైనదానికి వేర్వేరు మాటలున్నాయి. ఏ భాషలోనైనా విశేషణానికి అర్థమిచ్చేది పక్కనున్న నామవాచకమే.

'అర్థమైతే చాలదా, ఇంత పట్టింపెందుకు?' అనవచ్చు. పింఛన్ల మాటే తీసుకోండి. 'ఓల్డ్ ఏజ్ పెన్షన్' 60 ఏళ్లు నిండిన పేదలకు నెలనెలా అందేది. 'ఓల్డ్ పెన్షన్' 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగులు తిరిగి కావాలంటున్న విధానం. మొదటిది వృద్ధాప్య పింఛను, రెండోది పాత పింఛను. వీటిని కలగలిపి రాస్తే చదువరికి తన హక్కు ఏదో తెలియదు. తెలుగు చేసేవారిని కోరేది ఒక్కటే: 'ఓల్డ్' కనబడగానే నిఘంటువు తెరవకండి, ముందు దాని పక్కమాట చదవండి.