కోపం వచ్చింది, కొట్టాడు: ఎల్విన్ పుస్తకం చదివిన తర్వాత

వెరియర్ ఎల్విన్ రాసిన ‘మారియా మర్డర్ అండ్ సూయిసైడ్’ 1943లో అచ్చయింది. బస్తర్‌లోని దండామి మారియాల మధ్య జరిగిన వంద హత్యల కేసులను తీసుకుని, ఎవరు ఎవరిని ఎందుకు చంపారని వెతికిన పుస్తకం ఇది. ఆత్మహత్యల గురించి కూడా అందులో ఉంది. పోయిన వేసవి సెలవుల్లో ఒక మిత్రుడు ఇస్తే చదివాను. నాది డీఎడ్ చదివిన ఇంగ్లీషు. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివితే నెల పట్టింది. చదివాక ఇంకో నెల మనసు బాగోలేదు. ఎందుకు బాగోలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మారియాలు మనకు పరాయివాళ్లు కారు. కుంట దాటి సుక్మా, దంతెవాడ వైపు పోతే వాళ్ల ఊళ్లు వస్తాయి. వాళ్ల మాట మన కోయ మాటకు దగ్గరి చుట్టం. 2005 తర్వాత సల్వాజుడుం రోజుల్లో అటువైపు నుంచి వచ్చి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్నవాళ్ల పిల్లలు నా తరగతిలో కూర్చున్నారు. కాబట్టి ఎక్కడో ఉన్న జనం గురించి తెల్లదొర ఏదో రాశాడని పక్కన పెట్టే పుస్తకం కాదు ఇది.

ముందు దాని మంచి చెప్పాలి. హత్య చేసిన ఆదివాసిని ఎల్విన్ అడవి మృగంగా చూడలేదు. జైలుకు వెళ్లి ఖైదీలతో మాట్లాడాడు. చంపినవాడు చాలాసార్లు పారిపోకుండా తానే వచ్చి ఒప్పుకుంటాడని గమనించాడు. పొరుగునే ఉన్న మురియాలలో హత్యలు ఇంత లేవని పోల్చి చూపాడు. అంటే ఇది రక్తంలో ఉన్న గుణం కాదు, బతుకులో ఉన్న కారణాలు వెతకండి అని చెప్పడం. 1943లో ఆ మాట చెప్పడం చిన్న విషయం కాదు. ఇప్పటికీ మన గూడెంలో ఏదైనా జరిగితే ‘వాళ్లంతే’ అనే ఆఫీసర్లు ఉన్నారు కదా.

అన్నీ భార్యాభర్తల కేసులు కావు. భూమి తగాదాలు, చేతబడి అనుమానాలు, పాత పగలు, తాగుడు కూడా ఉన్నాయి. కానీ ఇంట్లో మొదలైన కోపం పుస్తకమంతా కనిపిస్తుంది. అన్నం దగ్గర మాట పెరిగింది, భార్య మీద అనుమానం వచ్చింది, పుట్టింటికి పోతానంది, చేతికి గొడ్డలి దొరికింది. ఎల్విన్ చెప్పిన కారణాల్లో అలసట ఒకటి. పనిచేసి ఆకలితో ఇల్లు చేరిన మనిషికి చిన్న మాట కూడా నిప్పులా తగులుతుందని అతని వాదన.

నాకు అడ్డుపడింది ఇక్కడే. అలసిపోయినవాడు మగవాడే ఎందుకయ్యాడు? ఆమె కూడా ఆ పొలం నుంచే వచ్చింది. నెత్తిన కట్టెల మోపు, చంకలో పిల్ల, వచ్చీ రాగానే పొయ్యి. అలసట మనిషిని చంపే దాకా తీసుకుపోతే, ముందు ఆమే గొడ్డలి ఎత్తాలి. ఎత్తలేదు. అలసట ఇద్దరికీ ఉంది, గొడ్డలి ఎత్తే అలవాటు మాత్రం ఒకరికే ఉంది. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందని పుస్తకం గట్టిగా అడగదు.

అడగలేకపోవడానికి కారణం అతను చదివిన కాగితాల్లోనే ఉందనుకుంటాను. అవి కోర్టు ఫైళ్లు, నేరం ఒప్పుకున్నవాళ్ల వాంగ్మూలాలు. చంపినవాడు బతికి ఉన్నాడు, మాట్లాడాడు. చచ్చిపోయిన మనిషి మాట్లాడలేదు. ‘నాకు కోపం వచ్చింది’ అని అతను చెప్పింది కాగితం మీదికి ఎక్కింది. అంతకు ముందు ఎన్నిసార్లు కొట్టాడు, ఆమె ఎవరికి చెప్పుకుంది, ఎవరు వెనక్కి పంపారు అనేది ఏ ఫైలులోనూ లేదు. ఆఖరి రోజు మాత్రమే ఉంది.

ఇలా ఎల్విన్‌ని తప్పుపడుతూ ఉంటే నేను రాసిన కాగితం ఒకటి గుర్తొచ్చింది.

చాలా ఏళ్ల కిందట మా ఊళ్లో పంచాయితీ జరిగింది. నాకు వరసకు చెల్లెలయ్యే అమ్మాయి, మొగుడు కొడుతున్నాడని పుట్టింటికి వచ్చేసింది. పెద్దమనుషులు చింతచెట్టు కింద కూర్చున్నారు. ఊళ్లో రాయగలిగినవాణ్ని కాబట్టి ఒప్పందం నన్ను రాయమన్నారు. ఆమె చాలా చెప్పింది. నేను రాసింది మాత్రం ఇది: ‘మాటా మాటా పెరిగి చిన్న గొడవ జరిగినది. ఇకమీదట ఇరువురూ సఖ్యముగా ఉండుటకు ఒప్పుకొనినారు.’ ఇరువురూ అని నేనే రాశాను. వేలిముద్ర వేసే ముందు చదివి వినిపించమని అడిగింది. చదివాను. ‘అంతేనా అన్నా?’ అంది. పెద్దమనుషులు కానివ్వమన్నారు. ముద్ర వేసింది.

ఎనభై ఏళ్ల కిందటి పోలీసు రైటరు రాసిన దానికీ నేను రాసిన దానికీ తేడా ఏముందో ఇప్పటికీ చెప్పలేను.

మన యువకులు సభల్లో ఒక మాట గర్వంగా చెబుతారు. ఆదివాసుల్లో కట్నం లేదు, ఓలి ఇచ్చి ఆడపిల్లను తెచ్చుకుంటాం, ఇష్టం లేకపోతే విడిపోయి మరొకరిని చేసుకునే హక్కు ఉంది అని. అందులో నిజం ఉంది. మన స్త్రీకి ఉన్న ఆ దారి మైదానంలో చాలామందికి లేదు. (ఉద్యోగం వచ్చిన మన అబ్బాయిలు ఇప్పుడు కట్నం తీసుకుంటున్నారు, అది వేరే వ్యాసం.) కానీ ఓలి ఎలా పనిచేస్తుందో కూడా చూడాలి. ఆమె వచ్చేస్తే ఓలి తిరిగి కట్టమంటారు. మరొకరిని చేసుకుంటే వాడు తప్పు కట్టాలి. ఓలి సొమ్ము అప్పటికే తమ్ముడి పెళ్లికో ఎడ్లకో ఖర్చయిపోయి ఉంటుంది. నాలుగు రోజులు ఉంచుకుని, నచ్చజెప్పి, నాన్నే దిగబెట్టి వస్తాడు. దారి ఉంది, దారికి గేటు కూడా ఉంది.

మన రచనల్లోనూ ఈ గేటు కనిపించదు. నేను చదివినంతలో మన కథల్లో శత్రువు ఎప్పుడూ బయటినుంచి వస్తాడు. ఫారెస్టు గార్డు, షావుకారు, పోలీసు. వాళ్లు చేసినదంతా నిజమే. అయితే తాగి ఇంటికొచ్చే మొగుడు మన నాటికల్లో నవ్వించడానికి వస్తాడు. పాఠశాల వార్షికోత్సవంలో పిల్లల చేత అలాంటి నాటిక నేనే వేయించాను. ఇప్పసారా తాగినవాడిలా తూలుతూ ఒక అబ్బాయి కర్ర ఎత్తితే అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఉన్న ఒక పిల్ల నవ్వలేదు. అది అప్పుడు చూశాను గానీ ఆలోచించలేదు.

ఎల్విన్ ఇంటి సంగతి కూడా దాచకూడదు. 1940లో అతను కోసి అనే గోండు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. అతని కంటే చాలా చిన్నది. 1949లో విడాకులయ్యాయి. తర్వాత రాసుకున్న ఆత్మకథలో ఆ కాలం గురించి బాధపడుతూ నాలుగు మాటలతో ముగించాడు. ఇది చూపించి అతని పుస్తకం చెత్త అనడం నా ఉద్దేశం కాదు. గిరిజనుల కాపురాల మీద అంత రాసిన మనిషి తన కాపురం దగ్గరికి వచ్చేసరికి నాలుగు మాటలతో సరిపెట్టాడు, కోసి మాట అక్కడా లేదు. నేను రాసిన ఒప్పందం కూడా రెండు వాక్యాలే.

ఇక ఉపాధ్యాయ మిత్రులకు. మనకు తెలిసేది నేరుగా కాదు, అనుమానంగా తెలుస్తుంది. ‘మా ఇల్లు’ మీద వ్యాసం రాయమంటే నాలుగో తరగతి పిల్ల ‘నాన్న వచ్చినాక మేము చప్పుడు చెయ్యము’ అని రాస్తుంది. నేను ‘చప్పుడు’లో వత్తు సరిచేసి మార్కులు వేశాను. ఆ వాక్యం ఏమి చెబుతోందో ఆ రోజు చదవలేదు. అనుమానం రుజువు కాదు, నిజమే. పిల్లను పదిమందిలో నిలబెట్టి అడిగితే సాయంత్రం ఇంట్లో ఇంకో దెబ్బ పడుతుంది. కానీ రుజువు లేదు కాబట్టి నాకేం సంబంధం అనడానికి చట్టం ఇప్పుడు చోటివ్వడం లేదు. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అందులో 4వ సెక్షను ప్రకారం హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణ అధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు మామూలుగా వర్తించదు గనుక ఇది కూడా మనకు కాదని కొందరు అనుకుంటున్నారు. అది తప్పు. మతం, కులం చూడకుండా, తాళి కట్టారా లేదా అని పట్టుబట్టకుండా, పెళ్లి లాంటి సంబంధంలో ఉన్న ఆడమనిషికి కూడా ఇది వర్తిస్తుంది. 181కి ఫోన్ చేయవచ్చు. సిగ్నల్ దొరకాలంటే మా ఊళ్లో గుట్ట ఎక్కాలి, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. 1996 పెసా చట్టం మన తగాదాలను మన ఆచారం ప్రకారం తీర్చుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది కదా, పోలీసును ఊళ్లోకి ఎందుకు పిలవాలి అని. పోలీసంటే మనకున్న భయం ఉట్టిది కాదు, నేనూ దాన్ని మోస్తున్నాను. కానీ రాజ్యాంగం 13వ అధికరణంలో ఆచారాన్ని కూడా చట్టం కిందే లెక్కవేసి, ప్రాథమిక హక్కులకు అడ్డం వస్తే చెల్లదని చెప్పింది. పంచాయితీ వద్దని నేను అనడం లేదు. చింతచెట్టు కింద ఆడవాళ్లు ఎంతమంది కూర్చున్నారు, కాగితం మీద ఎవరి మాట ఎక్కింది అని అడుగుతున్నాను.

మా చెల్లెలు పోయినేడు మళ్లీ వచ్చింది. మళ్లీ కూర్చున్నారు. మళ్లీ కలం నా చేతికే ఇచ్చారు. ఈసారి ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆమెకు తారీకులు తెలియవు. ఇప్పపూలు ఏరేటప్పుడు ఒకసారి, తునికాకు కోతలప్పుడు ఒకసారి, పండగనాడు బిడ్డ ముందు ఒకసారి, ఇలా చెప్పుకుంటూ పోయింది. పేజీ నిండి వెనక వైపుకు వచ్చింది. ‘ఇన్ని ఎందుకురా మాస్టారూ, పాతవి తవ్వితే కలవరు’ అని ఒక పెద్దాయన విసుక్కున్నాడు. మొగుడు సంతకం పెట్టనన్నాడు. పెట్టకుండానే కాగితం ఆమెకిచ్చి, నకలు ఒకటి అంగన్‌వాడీ సూపర్‌వైజరు ద్వారా రక్షణ అధికారికి పంపాను. పెద్దాయన నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. చెల్లెలు పుట్టింట్లోనే ఉంది, కూలికి పోతోంది. ఓలి లెక్క ఇంకా తేలలేదు. ఆ కాగితం బియ్యం డబ్బాలో అడుగున పెట్టుకుందని వాళ్లమ్మ చెప్పింది.